నాలుగు కోర్ల ల్యాప్‌టాపు, నలభై నిమిషాల బ్యాటరీ

పోయిన నెల ఒక ఆదివారం నేనేం చేసిన్నో చెప్తే మీరు నమ్మరు. ఇస్త్రీ చేసిన తెల్లంగి, మెడల టై, కాళ్లకు పాలిష్ కొట్టిన బూట్లు. గిట్ల పెండ్లికొడుకు లెక్క తయారై పోయి, మంఖాల్ కాడ ఒక బర్రెల కొట్టంల, పెండ పక్కపొంటి మోకాళ్ల మీద కూసొని, రిటైరైన హెడ్‌మాస్టరు సారుకు క్లబ్ హౌసు, స్విమ్మింగ్ పూలు చూపియ్యబోయిన! నవ్వకుండ్రి. ఇంకా అసలు కథ మొదలే కాలే.

దీనంతటికీ కారణం ఒక ప్రాసెసర్. కాదు కాదు, ప్రాసెసర్ పాపం ఏం చేసింది? దాన్ని ఏరి కోరి తెచ్చింది నేనే గదా.

నేను శంషాబాద్‌ల ఒక ప్లాట్ల ఆఫీసుల పని చేస్త. ఓనరు జంగయ్యన్న. మంచోడే గాని, కోపమొస్తే బైక్ హారన్ లెక్క మోగుతడు. ఆఫీసుల లెక్కలు చూసేది పద్మావతి గారు, కోస్తా దిక్కు ఆమె. ఎవరినైనా 'గారు' అనే పిలుస్తది, చాయ్ తెచ్చేటాయనను గూడ. ఇగ నేను, నర్సింగ్. టైపింగ్ నేర్చుకున్న పాపానికి ఆఫీసుల ‘కంప్యూటర్ మాస్టర్’ అని పేరు.

ఒకరోజు జంగయ్యన్న పిలిచిండు.

"నర్సింగ్, ఎయిర్‌పోర్ట్ వచ్చినప్పటిసంది కస్టమర్లు మస్తు హుషారైన్రు రా. కాయితం మీద గీతలు చూపెడితే నమ్ముతలేరు. మన వెంచర్‌కు 3డి వీడియో చేయించిన. సైట్ కాడనే కూసోబెట్టి చూపెట్టాలె. ఒక ల్యాప్‌టాప్ కొనుక్కరా. సైట్ల కరెంట్ లేదు, యాదికి పెట్టుకో. జర ఎక్కువసేపు నడిచేది చూడు."

గంతే. ఆయన చెప్పింది ఒక్కటే మాట, ఎక్కువసేపు నడిచేది. చిన్న పోరనికి చెప్పినా తెచ్చేటోడు.

పద్మావతి గారు ఇంకా వివరంగ చెప్పింది. ఆమె తమ్ముడు కంప్యూటర్లు రిపేర్ చేస్తడు, అందుకే ఆమెకు అన్నీ ఎరుకే.

"నర్సింగ్ గారూ, ప్రాసెసర్ ఎంత జోరుగా పనిచేస్తే అంత కరెంటు తింటుందండీ. మనం చూపించేది ఐదు నిమిషాల వీడియో. దానికి చిన్న ప్రాసెసర్ చాలు. స్పీడు కొంచెం తగ్గినా ఫర్వాలేదు, ఆరు గంటలు బ్యాటరీ వచ్చేది తీసుకోండి."

"సరే మేడం" అన్న. అన్న గాని, నా మనసుల ఇంకో సంగతున్నది. ఇయ్యాల మీ ముంగట ఒప్పుకుంటున్న, ఆఫీసుల ఎవ్వరికీ చెప్పొద్దు. మా బావమర్ది ఇంట్ల కంప్యూటర్ మీద కార్ల రేస్ గేమ్ ఆడిన ఒకసారి. అప్పటిసంది పిచ్చి పట్టింది. అదే గేమ్ మా ఆఫీసు పాత కంప్యూటర్ల వేస్తే కారు ఎడ్లబండి లెక్క నడుస్తది. మలుపు కాడ స్టీరింగ్ ఇయ్యాల తిప్పితే కారు రేపు తిరుగుతది!

సికింద్రాబాద్‌ల దుకాణానికి పోయిన. దుకాణమాయన రెండు ల్యాప్‌టాపులు టేబుల్ మీద పెట్టిండు. రెండింటి ధర ఇంచుమించు ఒకటే.

"అన్నా, గిది రెండు కోర్ల ప్రాసెసర్. కరెంట్ తక్కువ తాగుతది. ఆరు గంటలు పక్కా. సప్పుడు రాదు, వేడి గాదు. గిదేమో నాలుగు కోర్లు. స్పీడ్‌ల దీనికి పోటీ లేదు."

"దీని బ్యాటరీ ఎంతసేపు వస్తదన్నా?"

"వాడకం మీద ఉంటది."

గీ ముక్క ఇన్నప్పుడన్న నా బుర్ర పనిచెయ్యాలె. పనిచెయ్యలే. ఇగ నా నోట్లెకెల్లి వచ్చిన తర్వాతి మాట ఏందో ఎరుకేనా? "దీంట్ల కార్ల గేమ్ నడుస్తదా?"

ఆయన నవ్వి గేమ్ పెట్టిండు. అబ్బబ్బ! ఎర్ర కారు మలుపు కాడ కుయ్యిమని తిరిగింది. దానెంబడి నా మనసు గూడ తిరిగింది. ఆరు గంటలది చిన్నబోయి పక్కకు కూసున్నది, దాని దిక్కు మళ్ల చూడనే లేదు.

ఆఫీసుకు తెచ్చినంక పద్మావతి గారు డబ్బా మీద రాసింది మొత్తం సదివింది. నా దిక్కు చూసింది.

"ఇది స్పీడు ఎక్కువదండీ."

"అవు మేడం, ఫ్యూచర్‌ల పనికొస్తది."

"మరి సైటు దగ్గర?"

"సైట్ల ఎంతసేపు చూపెడ్త మేడం, ఐదు నిమిషాలు!"

"సరేనండీ" అన్నది. గంతే. ఆ 'సరేనండీ'ల ఉన్నంత ఎటకారం మా దిక్కు పది తిట్లల్ల గూడ ఉండది.

ఇగ ఆదివారం సంగతికొస్త. సుబ్రహ్మణ్యం సారు అని రిటైరైన హెడ్‌మాస్టరు, ఆయన భార్య కామేశ్వరి మేడం. ఆరు నెలలసంది మా ఆఫీసు చుట్టు తిరుగుతున్నరు గాని, ఏ ప్లాట్ చూపెట్టినా ఏదో ఒక వంక. ఈశాన్యం మూల ప్లాట్ ఖాళీ ఉన్నదంటే, ఆఖరికి వస్తమన్నరు.

జంగయ్యన్న ముందురోజే చెప్పిండు. "రేపు వాళ్లు పక్కా చెయ్యకపోతే ఇగ రారు. నాకు మహేశ్వరంల పనున్నది, పన్నెండింటికొస్త. అప్పటిదాక నీ చేతుల పెడుతున్న. సక్కగ చేసినవనుకో, సైట్ ఇంచార్జ్ నువ్వే!"

సైట్ ఇంచార్జ్! రాత్రే అంగి ఇస్త్రీ చేసుకున్న.

పొద్దున తొమ్మిదికే సైట్ చేరుకున్న. సైట్ అంటే ఏమున్నది? ఎర్రమట్టి, సున్నం పూసిన రాళ్లు, రంగు జెండాలు, ఒక పెద్ద గేటు. గోడ లేని గేటు. వాచ్‌మన్ రేకుల షెడ్డుల టేబుల్ ఏసుకొని ల్యాప్‌టాప్ తెరిచిన. బ్యాటరీ నిండుగున్నది. సారు వాళ్లు పదింటికొస్తరు. గంట టైమున్నది.

మిషన్ మంచిగ నడుస్తుందా లేదా చెక్ చెయ్యాలె గదా? చెకింగ్ కోసం ఒక్క రేస్ ఆడిన. ఒక్కటంటే ఒక్కటే. గెలిచిన. గెలిచినంక ఇంకొకటి ఆడకుండ ఎట్లుంటం చెప్పుండ్రి? రెండో రేస్ సగంల ఉన్నప్పుడు, అద్దగంట ముందుగాల్నే, కారు వచ్చి గేటు కాడ ఆగింది. రేస్ కారు గాదు, సారు వాళ్ల కారు! లటుక్కున గేమ్‌ను కిందికి దించిన. బంద్ చెయ్యలే, కిందికి దించిన. ఎందుకంటే నేను రెండో ప్లేస్‌ల ఉన్న, తర్వాత గెలుస్తనని ఆశ!

గా ఆశే నన్ను ముంచింది. కారు ఆగింది గాని, తెర ఎనుక గేమ్ నడుస్తనే ఉన్నది, నాలుగు కోర్లు నాలుగు దిక్కుల్ల బ్యాటరీని తాగుతనే ఉన్నయి.

"నమస్తే సార్, నమస్తే మేడం, రండ్రి, కూసోండ్రి" అని వీడియో పెట్టిన. ల్యాప్‌టాప్ ఫ్యాను గుయ్యిమని మోగుడు షురూ జేసింది. కామేశ్వరి మేడం షెడ్డు బయటికి తొంగి ఆకాశం దిక్కు చూసింది.

"ఏవండీ, విమానం దిగుతున్నట్టుంది. ఎక్కడా కనిపించదే?"

సారు గూడ కండ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకొని చూసిండు. "సౌండ్ మాత్రం బాగా దగ్గరగా ఉందే!"

"ఎయిర్‌పోర్ట్ పక్కనే గద సార్. మబ్బుల మీదికెల్లి పోతున్నట్టుంది" అన్న.

మబ్బు ఒక్కటి గూడ లేదు.

వీడియోల గేటు వచ్చింది, రోడ్డు వచ్చింది, చెట్లు వచ్చినయి, క్లబ్ హౌసు వచ్చింది, స్విమ్మింగ్ పూలు వచ్చింది. మేడం ముఖం కొంచెం విచ్చుకున్నది. నాకు ధైర్యమొచ్చింది. గొంతు సవరించుకున్న.

"ఇగ ఇప్పుడు చూడుండ్రి సార్, మీరు అడిగిన ఈశాన్యం మూల ప్లాట్..."

తుప్పుమన్నది. తెర నల్లగయ్యింది. దాంట్ల నా ముఖం కనిపించింది. ఆ ముఖం చూస్తే నేనే ప్లాట్ కొనను.

"ఏమైంది బాబూ?" అన్నడు సారు.

"ఛార్జింగ్ అయిపోయింది సార్."

"చూస్తే కొత్తదానిలా ఉందే?"

"కొత్తదే సార్. స్పీడ్ ఎక్కువ."

"దేంట్లో? అయిపోవడంలోనా?"

బడిల ముప్పై ఏండ్లు పిల్లలను ఒక ఆట ఆడుకున్న మనిషి, నన్ను ఇడుస్తడా?

ఛార్జర్ తెచ్చిన గాని, ఇటుక పెళ్ల అంత ఉన్నది, పెట్టేతందుకు ప్లగ్గేది? చుట్టు చూసిన. ఫెన్సింగ్ అవతల ఒక ఇల్లు, దాని పక్కన కొట్టం. చంద్రమ్మక్క ఇల్లది. ఆమె పొద్దున పాలు పోసి వచ్చేటప్పుడు రోజు మా గేటు ముంగటికెల్లే పోతది.

"సార్, జర ఐదు నిమిషాలు నడిస్తే..." అన్న.

ఎండల నడిచినం. ముందు నేను, సంకల ల్యాప్‌టాప్. ఎనుక సారు, గొడుగు. దాని ఎనుక మేడం, చెప్పులల్ల పల్లేరుకాయ ఇరుక్కొని ఒంటికాలు మీద. ఐదు నిమిషాలన్నది ఇరవై అయింది. చంద్రమ్మక్క నన్ను చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నది.

"అక్కా, జర కరెంటు కావాలె."

"కరెంటా? ఇప్పుడేడిది కొడుకా! పన్నెండింటికొస్తది."

"పక్కా వస్తదా?"

"వస్తే వస్తది."

టైము పదకొండు గూడ కాలే. నేను సారు దిక్కు చూస్తలేను, సారు నన్ను తప్ప ఎటూ చూస్తలేడు. చంద్రమ్మక్కనే మంచం వాల్చింది, చెంబుల సల్ల తెచ్చింది. మేడం పల్లేరుకాయ గూడ ఆమెనే తీసింది. ఇగ ఇద్దరు ఆడోళ్లు ముచ్చట షురూ జేసిన్రు. బర్రె పాలెన్ని ఇస్తది, మీకు పిల్లలెందరు, మోకాళ్ల నొప్పులకు ఏ దవాఖానకు పోతరు, గిట్ల. సారు గూడ సల్ల రెండో గిలాస తాగిండు. నాకు కొంచెం పానం కుదుటపడ్డది. పన్నెండయితే కరెంటొస్తది, వీడియో చూపెడ్త, పక్కా చేస్త అనుకుంటున్న.

అప్పుడు చంద్రమ్మక్క అడిగింది. "ఇంతకు ఏ ప్లాటు చూసిన్రమ్మా?"

"అదుగో, ఆ మూల. ఈశాన్యం వైపు" అన్నది మేడం.

చంద్రమ్మక్క ఫక్కున నవ్వింది. "అయ్యో! వానాకాలం అండ్ల మా బర్రె ఈదులాడుతది తల్లీ!"

నా చేతిలున్న సల్ల గిలాస జారి బూట్ల మీద పడ్డది.

"అవునమ్మా. గా భూమి మా పాలోళ్లదే, మా మామ అన్నదమ్ములది. మా మామ ఉన్నప్పటిసంది గా మూలకు నీళ్లు ఆగుతయి. మొన్న మట్టి పోసి సాపు చేసిన్రు గాని, నీళ్లకు ఎరుక గాదా అవి ఏడికి పోవాలెనో? మీరు తీసుకుంటే గీ గట్టు దిక్కు తీసుకోండ్రి. మొరం నేల. ఎంత వాన కొట్టినా అడుగు దిగబడది."

సారు మెల్లగ నా దిక్కు తిరిగిండు. "ఈశాన్యంలో నీళ్లుండాలంటారు గానీ బాబూ, మరీ ఇంటినిండా వద్దు కదా!"

నిజంగ నాకు ఎరుక లేకుండె. మీమీద ఒట్టు. నేను ఆ భూమిని కంప్యూటర్‌ల చూసిన గాని, వానల చూడలే. బర్రె దిక్కు చూసిన. అది నెమరేసుకుంట నా దిక్కే చూస్తున్నది. నా ఇంచార్జ్ పోస్టు గూడ దాని నోట్లనే ఉన్నట్టు అనిపించింది.

సరిగ్గ గప్పుడే కొట్టంల బల్బు ఎలిగింది. "కరెంటొచ్చె!" అన్నది చంద్రమ్మక్క. గప్పుడే జంగయ్యన్న బైకు గూడ వచ్చి ఆగింది. మమ్మల్ని సైట్ల చూడక, చుట్టూ ఎతుక్కుంట వచ్చిండట.

"ఈడేం చేస్తున్నరు రా?"

"ప్రజెంటేషన్ అన్నా" అన్న, ఛార్జర్ పట్టుకొని కొట్టంలకు ఉరికిన.

ఇంట్లున్న ప్లగ్గు కాలిపోయి పది రోజులైందట. పనిచేసేది ఒక్కటే, గడ్డి కోసే మిషన్‌ది, కొట్టం గోడకు మోకాళ్ల ఎత్తుల. అందుకే మోకాళ్ల మీద కూసున్న. ఒక దిక్కు బర్రె, ఒక దిక్కు పెండకుప్ప, నడుమ నేను, నా ఒళ్లె నాలుగు కోర్లు. ఎనుక సారు, మేడం, చంద్రమ్మక్క, జంగయ్యన్న వంగి చూస్తున్నరు.

బటన్ ఒత్తిన. ల్యాప్‌టాప్ లేసింది. అయ్యాల నేను తెలుసుకున్న సంగతేందంటే, ఛార్జింగ్ అయిపోతే అది చావది, పండుకుంటది; ఎక్కడ పండుకున్నదో అక్కడికెల్లే లేస్తది. జంగయ్యన్న చూస్తున్నడని తొందరపడ్డ. వీడియో మీద ఒత్తబోయి పక్కదాని మీద ఒత్తిన.

వ్రూమ్మ్మ్మ్!

సౌండ్ ఫుల్లు. ఎర్ర కారు తెర నిండ ఉరుకుతున్నది. సారు కండ్లద్దాలు సవరించుకొని దగ్గరికి వంగిండు.

"రోడ్లు చాలా వెడల్పుగా వేశారే!"

"సార్ అది... అది కాదు సార్..."

నడిపేటోడు లేడు గదా, కారు పోయి పోయి గోడకు గుద్దుకున్నది. "ప్రహరీ కూడా గట్టిదే" అన్నడు సారు. ఇగ అప్పుడు తెర మీద పెద్ద పెద్ద అక్షరాలు వచ్చినయి, ఎవరు ఏ ప్లేస్‌ల ఉన్నరో. జంగయ్యన్న ఇంగ్లీషు కూడబలుక్కొని సదివిండు.

"నర్... సింగ్... నీ పేరెందుకున్నది రా అండ్ల?"

నేను జవాబు చెప్పే అవసరం లేకుండ బర్రె కాపాడింది. పుట్టినకాడికెల్లి అసొంటి సప్పుడు ఇనలేదాయె, బెదిరి ఒక్క గుంజు గుంజింది. పలుపు తెగలే గాని, ఛార్జర్ వైరు దాని కాలికి చుట్టుకున్నది. ప్లగ్గు ఊడింది, ల్యాప్‌టాప్ నా ఒళ్లెకెల్లి ఎగిరి గడ్డిమోపు మీద పడ్డది, నేను ఎనుకకు పడ్డ. ఎక్కడ పడ్డనో మీరే సమజ్ చేసుకోండ్రి. తెల్లంగి అని ముందే చెప్పిన.

తెర మళ్ల నల్లగయ్యింది. జంగయ్యన్న ముఖం మిరపపండు లెక్క ఎర్రగయింది, హారన్ మోగుడే తరువాయి. అంతల్నే కామేశ్వరి మేడం నవ్వు మొదలుపెట్టింది. ఎట్ల నవ్వింది అంటరా, కొట్టం గుంజ పట్టుకొని, కొంగుతోని కండ్లు తుడుసుకుంట. ఆమెను చూసి చంద్రమ్మక్క. వాళ్లిద్దరిని చూసి సారు. ఆఖరికి జంగయ్యన్న గూడ ఆపుకోలేక బర్రె మెడ మీద చెయ్యేసి మరీ నవ్విండు.

నవ్వుడు అయినంక సారు అన్నడు. "జంగయ్య గారూ, ఆ ఈశాన్యం మూల మాకొద్దండీ."

జంగయ్యన్న నవ్వు ఆగింది. నేను పెండ తుడుసుకునుడు గూడ ఆగింది.

"ఈ గట్టు వైపున్నది ఖాళీ ఉంటే ఇప్పించండి. ఇవాళే రాసుకుందాం."

"ఉన్నది సార్, ఉన్నది! మరి వీడియో మొత్తం చూడకపోతిరి?"

"వీడియో ఎందుకండీ, ఈవిడ ఉండగా" అని మేడం చంద్రమ్మక్క చెయ్యి పట్టుకున్నది. "పక్కన ఇట్లాంటి మనిషి ఉంటే చాలు మాకు. పాలు కూడా ఇక్కడే పోయించుకుంటాం."

ఆ మూల సంగతి చంద్రమ్మక్క జంగయ్యన్నకు మళ్ల మొత్తం చెప్పింది. ఆయన తల గోక్కున్నడు. "నాకు అమ్మినోడు చెప్పలే గదక్కా! సరే, గా మూల ప్లాట్ చెయ్యను. పార్కు చేస్త." తర్వాత నిజంగనే మ్యాప్ మార్పించిండు, అబద్ధం చెప్పొద్దు.

నేను పెండ కడుక్కుంట మెల్లగ అడిగిన. "అన్నా, మరి సైట్ ఇంచార్జ్..."

"ముందు ఆ బర్రెకు సారీ చెప్పు పో!"

చెప్పిన. అది అటు తిరిగి పండుకున్నది.

తెల్లారి ఆఫీసుకు పోతే పద్మావతి గారు పుస్తకంలకెల్లి తల ఎత్తకుండ అడిగింది. "నిన్న ఎలా జరిగిందండీ?"

"మంచిగ జరిగింది మేడం. ప్లాట్ పక్కా అయింది."

"బ్యాటరీ?"

"...వాడకం మీద ఉంటది మేడం."

"సరేనండీ."

అదే వారంల ఆమెనే పోయి, రెండు కోర్లది, ఆరు గంటలది తెచ్చింది. ఇప్పుడు సైట్‌కు అదే పోతున్నది. సప్పుడు లేదు, వేడి లేదు, సాయంత్రం దాక నడుస్తది. నా నాలుగు కోర్లదాన్ని ఆఫీసుల టేబుల్ మీద ప్లగ్గు పెట్టి పర్మినెంట్‌గ కూసోబెట్టిన్రు. గేమ్ పద్మావతి గారే తీసేసింది. పాస్‌వర్డ్ గూడ పెట్టింది.

పని లేదని అనుకోకుండ్రి! బస్టాండు కాడికెల్లి చాయ్ తెచ్చేసరికి సల్లారిపోతది. ఒకరోజు పద్మావతి గారు తన కప్పు దాని ఫ్యాను గాలి వచ్చేకాడ పెట్టింది. రెండు నిమిషాలల్ల గోరువెచ్చగయింది. చూసి నేను పెట్టిన. నన్ను చూసి జంగయ్యన్న పెట్టిండు. ఇయ్యాల పొద్దున కొత్త కస్టమర్లు వస్తే, ఆయన దాని పక్కకెల్లి కప్పు తీసి వాళ్ల చేతికిచ్చుకుంట, నా భుజం మీద చెయ్యేసి గొప్పగ చెప్తున్నడు.

"తాగుండ్రి సార్, వేడివేడిగున్నది. మా నర్సింగ్ సికింద్రాబాద్ మొత్తం తిరిగి, ఏరి తెచ్చిండు ఈ పొయ్యి!"